మొదటి గుక్క

మూడో అంతస్తు గదిలో దుప్పటి అంచును పరుపు కిందికి దోపుతూ లాయ్ మోకాలిని మంచానికి ఆనించుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ మోకాలే ఆమెకు మూడో చెయ్యి. కిటికీ తీయగానే సైగాన్ వీధి మోతంతా లోపలికొచ్చి పడింది. రెండు మంచాలు పక్కపక్కన వేస్తే నిండిపోయేంత వెడల్పు, ఆరంతస్తుల ఎత్తు ఉన్న హోటలది. లిఫ్టు లేదు. నూట నాలుగు మెట్లు మోకాళ్లను తినేశాయి. అందుకే ఈ రోజుతో పని ఆఖరు. సాయంత్రం బస్సెక్కి సా దెక్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది.

వెళుతున్నందుకు బాధ లేదు. వారం కిందట పడిన మాటే ఇంకా గుచ్చుకుంటోంది.

కింద రిసెప్షన్ బల్ల పక్కన, నేలమీద చిన్న ఎర్ర గూడుంది. అందులో బొజ్జ బయటపెట్టి నవ్వుతూ కూచునేవాడు ఓంగ్ దియా, ఇంటిని, బేరాన్ని కాచే దేవుడు. రోజూ పొద్దున్నే ఆయనకు కాఫీ పెట్టడం లాయ్ పని. మొదటి జీతంతో కొన్న మందపాటి గాజు గ్లాసులోకి డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా కూచుని, డబ్బాపాలు కలిపి, తానొక గుక్క తాగి, అప్పుడు గూట్లో పెట్టేది. పాత యజమానురాలు ఊత్ అమ్మ నేర్పిన పద్ధతి అది. ఆవిడ పోయాక హనోయ్ నుంచి వచ్చిన కోడలు హాన్ హోటలు చూసుకుంటోంది. వెదురు ట్రేలు, పసుపు దీపాలు అన్నీ ఆమె తెచ్చినవే. పొద్దున్న ఆరింటికే ఎర్రటి లిప్‌స్టిక్‌తో బల్ల ముందుంటుంది. చురుకైన పిల్లే. కానీ కెమెరాలో ఆ గుక్క ఆమె కంట పడింది.

“దేవుడికి ఎంగిలి పెడతావా పిన్నీ? తాగాలనిపిస్తే నన్నడగొచ్చుగా!”

లాయ్ చీపురు తీసుకుని మెట్లెక్కింది. దొంగ అనలేదు గానీ అన్నంత పనీ అయింది. మర్నాటి నుంచి గూట్లో మూత తీయని కాఫీ డబ్బా వెలిసింది.

అదే అంతస్తు వెనక గదిలో ఏటా దిగే థాంగ్ గారు గది ఖాళీ చేస్తున్నాడు. కళ్లజోళ్ల వ్యాపారి. ఆయన సంచీ పట్టుకుని లాయ్ కూడా కిందికి దిగింది.

“ఏవమ్మాయ్, బొజ్జాయనకి డబ్బా పెట్టారేంటి? ఆయనేమన్నా బస్సెక్కుతున్నాడా?”

హాన్ ముఖం ముడుచుకుంది. “పిన్ని ముందు తాను తాగి పెడుతోందండీ. అందుకే వారంగా డబ్బా.”

“తాగకపోతే ఆయన ముట్టడుగా!” థాంగ్ గారు పకపకా నవ్వాడు. “మీ వైపు లేదేమో. ఎప్పుడో ఎవరో ఆయనకి విషం పెట్టార్ట. అప్పట్నించి పెట్టేవాళ్లు రుచి చూస్తేగానీ నమ్మడు. వారంగా పస్తుంచారన్నమాట మహానుభావుణ్ణి!”

హాన్ లాయ్ వైపు తిరిగింది. “మరి నాకు చెప్పలేదేం పిన్నీ?”

లాయ్ చేతిలోని తుడుపుగుడ్డను మెలిపెట్టింది. “దొరికిపోయాక కథలల్లినట్టుంటుందని ఊరుకున్నానమ్మా. ‘నువ్వు తాగితే ఆయన తాగుతాడే, నిన్ను నమ్ముతాడు’ అంది ఊత్ అమ్మ, నేను చేరిన రోజు. అంతకుముందు నాతో ఎవరూ ఆ మాట అన్లేదు.”

హాన్ ఏదో అనబోయింది. ఫోను మోగడంతో అటు తిరిగింది.

“వచ్చే ఏడు నా దుప్పటెవరు బిగిస్తారు?” అన్నాడు థాంగ్ గారు గుమ్మం దగ్గర.

“కాస్త వదులుగా పడుకోవడం నేర్చుకోండి అన్నగారూ.”

మధ్యాహ్నం లాయ్ మేడమీద దుప్పట్లు ఆరేసింది. యంత్రం రాకముందు ఊత్ అమ్మా తనూ చెరో కొసా పట్టుకుని పిండేవాళ్లు. ఆవిడ కుడికి తిప్పితే తను ఎడమకి. పట్టు జారి ఇద్దరూ తడిసి ముద్దయి, నేలమీద కూలబడి నవ్వుకున్న రోజులున్నాయి. ఒక్కసారి ఊత్ అమ్మ కనిపిస్తే బాగుండుననిపించి, తడి దుప్పట్లో ముఖం దాచుకుంది.

నాలుగింటికి తాళాల గుత్తి బల్లమీద పెట్టింది. వంటింట్లోంచి హాన్ పెదవి తడుముకుంటూ వచ్చింది.

“నాలిక కాలింది పిన్నీ.”

“ఊదుకుని తాగాలమ్మా.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. హాన్ నేలకేసి చూస్తూ, “గ్లాసు నీది కదా, కడిగి కాగితంలో చుట్టివ్వనా?” అంది.

“వద్దు. ఆయనకి అలవాటైపోయింది.”

బయట మోటారుసైకిల్ వాడు హారన్ కొట్టాడు. లాయ్ సంచీ ఎత్తుకుని, గూటి ముందు కాసేపు నిలబడి, వీధిలోకి దిగింది.

గూట్లో డబ్బా లేదు. మందపాటి గాజు గ్లాసులో ఒక గుక్క తక్కువగా కాఫీ, దాని అంచున ఎర్రటి లిప్‌స్టిక్ మరక.