గ్రహణవేళ మూసిన తాంబాళము

చైత్రబహుళామావాస్యనాటి పూర్వాహ్ణమున జీడిమామిడిపండ్ల మదపరిమళమును మోసికొని వచ్చు కొండగాలి యొక్కమారుగ నిలిచిపోయి ప్రచండకిరణుడగు భానుడు పడమటియంచున నించుక కొరుకబడినవాడై వెలవెలబోవ నారంభింపగా అకాలసంధ్యకు భ్రమసి గూళ్ళకు మరలు గోరువంకల కలకలము దప్ప వేరుసవ్వడి లేక జీలుగుగెడ్డ యను కొండపల్లె గుమ్మములన్నియు మూసికొని గుక్క బిగబట్టియుండెను.

ఆ పల్లెలో అన్నిటికంటె మెట్టననున్నది దాలమ్మ యిల్లు. కొండచాటున సెల్లుఫోనునకు మాట యందని యా చోటికి ఆమె కొడుకు గుంపస్వామి ఉపగ్రహమునుండి వచ్చు ఇంటర్నెట్టును కోరి తెప్పించెను. అది యేమి సరదాకో యనుకొనెదరు, కాదు. వానిభార్య వరాలమ్మకు మునుపు కడుపు నిలువలేదు. ఇప్పుడు ఎనిమిదవ నెల. దిగువ ఆసుపత్రి నర్సమ్మ వారమువారము ఫోనులో దాని మొగము చూచి మంచిచెడ్డ లడుగుచు ఎరుపు కానవచ్చిన తక్షణమే అంబులెన్సునకు ఫోను చేయుడని మరిమరి చెప్పియుండెను.

అందుకై పీటయంత తెల్లనిపలకను పెంకుటింటికప్పుమీద బిగించినవాడు దిగిపోవుచు "ఇది పొద్దస్తమానం ఆకాశంకేసే సూస్తాదమ్మా. అక్కడున్నది పట్టుకొని మీ ఇంట్లోకి తెస్తాది" అనెను. ఆ రెండుమాటలను దాలమ్మ మనసున ముడివేసికొనెను. నాటినుండి ప్రతిదినమును గడకఱ్ఱకు తడిగుడ్డ చుట్టి యా పలకమీది దుమ్మును తుడుచుచుండ పొరుగింటి సన్యాసమ్మ చూచి నవ్వెడిది.

"ఓలప్పా, కోడలికంటె దానికే ఎక్కువ నీళ్ళోస్తన్నావు. సీమంతం కూడా సేసీ."

"సేస్తాను. నా మనవల కబుర్లు మోసీది అదే కదేటి" అని దాలమ్మయు నవ్వెడిది.

గ్రహణదినమున గుంపస్వామి జీడిపిక్కలు అమ్ముకొన సంతకు దిగియుండెను. దాలమ్మ కోడలిని నడిమిగదిలో చాపపై వెల్లకిల పరుండబెట్టి కదలవలదు గీరుకొనవలదు అని బోధించి నీళ్ళకుండలపై గరిక వేసి కిటికీసందులలో గుడ్డపేలికలు కుక్కి చీకటి పూర్తియైనదని తృప్తినొందబోవుచు దిగ్గున నిలిచెను. గర్భిణికి సోకరాదని ఇన్ని కన్నములు మూసిన తాను ఆకాశమువంక తెరచిన యా పెద్దకంటిని మరచెనే! అది చూచినదెల్ల నింటిలోనికి తెచ్చునని చెప్పిరి కదా. నేడది చూచుచున్నది రాహువును కదా!

మోకాళ్ళనొప్పులను మరచి యా ముదుసలి పెండ్లివంటలకు వాడెడి ఇత్తడితాంబాళమును చంకనిడికొని నిచ్చెన యెక్కి పలకపై బోరగిల్లవేసి దానిమీద తడిగోనె పరచి మనవని నెత్తిన గొడుగుపట్టినంత నెమ్మదితో దిగివచ్చెను.

సూర్యబింబము సగము మ్రింగబడినవేళ లోపలినుండి సన్నని గొంతు వినవచ్చెను.

"అత్తా, తడి తగుల్తంది."

దాలమ్మ చీకటిలో తడవి చేయి వెలికిదీసి తలుపుసందు వెలుగున చూచికొనగా వ్రేళ్ళనిండ ఎరుపు. వరాలమ్మ ఫోను నందుకొని నొక్కెను. మరల నొక్కెను.

"సుట్టూ తిరగతంది గాని ఎల్లట్లేదత్తా."

"గ్రాణం పట్టినప్పుడు మాట మాత్రం ఎలాగ నడుస్తాదమ్మా? ఇడిసీదాకా ఓర్సుకో తల్లీ" అని దాలమ్మ దాని నుదురు నిమురుచు నిజముగనే నమ్మి పలికెను. అయినను మనసు నిలువక సన్యాసమ్మ పెనిమిటిని బతిమాలి గ్రహణమనక దిగువ ఆసుపత్రికి పరుగెత్తించెను.

గ్రహణము విడిచెను. దాలమ్మ కట్టుబట్టతో నెత్తిన నీళ్ళు కుమ్మరించుకొని యాచారముదప్పక తడిచీరతోనే నిచ్చెన యెక్కి తాంబాళమును పైకెత్తెను. ఎత్తిన కొంతసేపటికే క్రిందిగదిలో ఫోను గణగణ మ్రోగెను. "నర్సమ్మా, నర్సమ్మా" అని వరాలమ్మ యేడ్పు కప్పును దాటి వినవచ్చెను. సూర్యుని విడిచిన గ్రహణము ఆ క్షణమున దాలమ్మను పట్టెను.

బాట తెగినచోట అంబులెన్సు నిలువ వరాలమ్మను డోలీలో మోసికొనిపోయిరి. తల్లి దక్కెను. ఆడుబిడ్డ యూపిరి లేక పుట్టెను. ఇంచుక ముందు తెచ్చియుండిన బాగుండెడిదని డాక్టరమ్మ మెల్లగ ననెను.

ఇంటికి వచ్చిన పిమ్మట గుంపస్వామి పలక బిగించినవానిని పిలిపించి నడిముంగిట నిలిపెను. "అవసరానికి పలకనిది ఎందుకురా మాకు? నమ్మించి గొంతు కోసినావు. పీకీ దీన్ని, గెడ్డ నీళ్ళలో ఇసిరీ."

"అన్నీ బాగానే ఉన్నాయన్నా. ఆ పూట మాత్రమే ఆగినాది. ఎందుకో నాకూ తెలవట్లేదు" అని వాడు తల వంచెను. ఊరకున్నచో దోషము పరునిమీదనే పోవును. దాలమ్మ స్తంభము పట్టుకొని లేచెను.

"ఆ బాబునేటీ అనకు. నానే దానిమీద తాంబాళం కప్పినాను. గ్రాణం లోపలికొస్తాదని."

గుంపస్వామి తల్లివంక చూచి చూపు తిప్పుకొని వాకిలి దాటిపోయెను. అంతట గడపలోపలినుండి వరాలమ్మ పలికెను.

"నాకు తెలుసత్తా. నెత్తిమీద ఇత్తడి సప్పుడు ఇన్నాను. మా అత్త అడ్డెట్టింది, ఇంక భయం నేదనుకొని కళ్ళు మూసుకున్నాను. ఫోను తిరగతన్నప్పుడు కూడా తియ్యమనాలని నాకు తోచనేదు."

ఆ సాయంకాలము వరాలమ్మకు పాలు చేపి రవిక తడిసెను. త్రాగువారు లేని పాలు ఇంకుటకు మల్లెలు కట్టుట యా సీమ మందు. దాలమ్మ దొడ్డిలోని మొగ్గలన్నియు కోసి మాల గ్రుచ్చి కోడలి రొమ్ములపై పరచి మెత్తని పాతచీరపేలికతో వీపువెనుక ముడివేయుచుండగా వరాలమ్మ చంటిబిడ్డవలె చేతులెత్తి కదలక కూర్చుండెను. కీడు చేయబోయిన చేతికి లోకమున శిక్ష కలదు. కాపాడబోయిన చేతికి శిక్షయు లేదు విడుదలయు లేదు. మరునాటి వేకువను కట్టు విప్పిచూడగా వాడిన యా మొగ్గలు మల్లెవాసన వేయకుండెను, పాలవాసన వేయుచుండెను.