కొంగల జట్టు, నా కాలు

మా ఊరి బేస్‌బాల్ జట్టు ఈ వేసవిలో, చివరి ఆటకి ముందుదాకా, సొంత గ్రౌండ్‌లో పదిహేడు ఆటలు ఆడి పదిహేడూ ఓడిపోయింది. ఆ పదిహేడూ నేను దగ్గరుండి చూశాను. బయటి ఊళ్ళకు వెళ్ళి నాలుగు గెలిచింది. ఆ నాలుగూ నేను చూడలేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలన్నారు మావాళ్ళు.

జట్టు పేరు కనాటా హెరాన్స్. హెరాన్ అంటే కొంగ కాబట్టి మేం 'మన కొంగలు' అంటాం. టీవీలో వచ్చే పెద్ద జట్టేం కాదు, కాలేజీ కుర్రాళ్ళు వేసవి సెలవుల్లో ఆడే చిన్న లీగ్. ఒటావాకి పడమట, టెలికాం ఆఫీసుల వెనకాల, చెక్క బెంచీలున్న గ్రౌండ్. మూడేళ్ళుగా మా నాలుగు తెలుగు కుటుంబాలూ సీజన్ టికెట్లు కొంటున్నాయి. దీనికంతటికీ మూలపురుషుడు మధుసూదన్ గారు. ఆయనది వరంగల్. క్రికెట్ లేని ఊళ్ళో ఏదో ఒక బంతి, ఏదో ఒక బ్యాటూ లేకపోతే బతకలేనని మమ్మల్నందరినీ ఇందులోకి దింపారు.

పోయిన చలికాలం క్లబ్ వాళ్ళు పాత ఆటగాళ్ళందరినీ పంపేసి, పంతొమ్మిదేళ్ళ పిల్లల్ని తెచ్చుకుని, ఇది రీబిల్డింగ్ సీజన్ అని అందరికీ ఈమెయిల్ కొట్టారు. మధుసూదన్ గారు ఆ ఈమెయిల్‌కి అర్థం చెప్పారు.

"రీబిల్డింగ్ అంటే ఏం లేదు, జీర్ణోద్ధరణ. గుడి విప్పిన్రు. దేవుడు బాలాలయంల ఉన్నడు. మనం జర ఓపిక పట్టాలె."

ఓపిక పడతామని అందరం తలలూపాం. ఆ ఓపిక జూన్ నెల దాటలేదు. పదో ఓటమి తర్వాత, ఎవరి కాలు మంచిది కాదో వెతకడం మొదలైంది.

మా ఆయన తారక్ నోట్లో నువ్వుగింజ నానదు. నా చరిత్ర అంతా అక్కడే విప్పేశాడు. హైదరాబాద్‌లో నేను చేరిన మొదటి కంపెనీ ఎనిమిది నెలల్లో మూతపడింది. డల్లాస్‌లో చేరిన స్టార్టప్ నా వీసా స్టాంప్ తడి ఆరకముందే దుకాణం సర్దేసింది. కనాటా వచ్చి ఒక చోట చేరితే రెండు నెలలకి మా ఫ్లోర్ ఫ్లోరంతా లేఆఫ్. మధుసూదన్ గారు చెయ్యి ఎత్తి, "ఇంకేం, ఐరన్ లెగ్ దొరికింది!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే 'ఫీలైంది' అంటారు కదా.

నిజానికి ఆ మాట నాకు కొత్త కాదు. తెనాలిలో మా అన్నయ్య క్రికెట్ వస్తున్నంతసేపూ నన్ను వంటింట్లో కూర్చోబెట్టేవాడు. నేను గడపలో కాలు పెడితే వికెట్ పడుతుందట. పదేళ్ళ పిల్లని, నమ్మేశాను. ఇప్పుడు నలభై రెండేళ్ళు. కొత్త ఉద్యోగంలో చేరిన రోజు, లిఫ్టులో ఎవరూ చూడకుండా కుడికాలు ముందు పెడతాను. ఇంజనీరింగ్ చదివిన బుద్ధి ఆ నిమిషంలో ఏ గంగలో కలుస్తుందో తెలియదు. సిగ్గుగానే ఉంటుంది, అయినా పెడతాను.

మరి అంత భయం ఉన్నదానివి ఆటకెందుకు పోయావంటారా? మా అమ్మాయి ధాత్రి కోసం. పదకొండేళ్ళది. దానికి కొంగలంటే ప్రాణం. ఏ కుర్రాడు ఏ చేత్తో విసురుతాడో, ఎవరి మోకాలికి దెబ్బ తగిలిందో అన్నీ నోటికి వచ్చు. ఓడిన ప్రతిసారీ కారెక్కి సీటు బెల్టు పెట్టుకుని, "నెక్స్ట్ గేమ్, అమ్మా" అనేది. నేనూ అదే అనేదాన్ని. మా ఇద్దరికీ ఉన్న ఒకే ఒక్క ఉమ్మడి భాష అదేనేమో అనిపించేది, ఎందుకంటే మిగతా విషయాల్లో నేను తెలుగులో అరుస్తాను, అది ఇంగ్లీషులో సమాధానం చెప్తుంది.

సొంత గ్రౌండ్‌లో చివరి ఆట ఆదివారం మధ్యాహ్నం. ముందురోజు మధుసూదన్ గారింట్లో భోజనాలు. ఆయన గారె తుంచుతూ, "దేవిశ్రీ గారూ, ఏమనుకోకుండ్రి. రేపొక్క రోజు మీరు ఇంట్ల రెస్ట్ తీసుకోరాదు?" అన్నారు.

"అవేం మాటలండీ, నోటికి అడ్డూ ఆపూ లేకుండా!" అని ఆయన భార్య శ్యామల గట్టిగా కసిరింది. మళ్ళీ అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది గానీ మింగేశాను. ఆయన మాటకి విలువిస్తే ఈపాటికి కనాటాలో సగం మందికి ఆయనతో మాటల్లేకుండా పోవాలి.

కానీ ఇంటికొస్తుంటే వెనక సీట్లోంచి ధాత్రి అంది:

"అమ్మా... జస్ట్ వన్ గేమ్. ప్లీజ్?"

అది వేళాకోళం కాదు. ఒక్క గెలుపు కావాలి దానికి, పాపం, వేసవంతా చూసింది. మధుసూదన్ గారు అంటే నవ్వేయొచ్చు. మా అన్నయ్య అంటే చిన్నతనం అనుకోవచ్చు. నా కడుపున పుట్టింది నన్ను గడప బయట కూర్చోమంటే ఏం చెయ్యను? "సరేలే, నిన్ను దింపి నేను కార్లో కూర్చుంటా" అన్నాను. అది "థాంక్స్" అంది. ఆ థాంక్స్ ఇంకా కోసింది.

ఆదివారం తారక్ ఆఫీసు పనిమీద వాటర్లూలో ఉన్నాడు. నేనే డ్రైవ్ చేసి ధాత్రిని గేటు దగ్గర శ్యామలకి అప్పజెప్పి, పార్కింగ్‌లో చెట్టు నీడ చూసుకుని కారాపాను. అద్దాలు దించి కూర్చున్నాను. అక్కణ్ణించి ఆట కనిపించదు, కంచె మీదుగా మైకు మాత్రం వినిపిస్తుంది.

బేస్‌బాల్‌లో ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్. రెండో ఇన్నింగ్స్ అయ్యేసరికి వాళ్ళు నాలుగు, మనం సున్నా.

'అమ్మయ్య' అనుకున్నాను. అనుకున్నాక గాని ఏమనుకున్నానో తెలియలేదు. ఛీ, ఇదేం బుద్ధి! లోపల నా కూతురు గోళ్ళు కొరుక్కుంటూ ఉంటుంది, నేనిక్కడ అమ్మయ్య అనుకుంటున్నాను. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి ఆరు. నా వేళ్ళు స్టీరింగ్ మీద తాళం వేస్తున్నాయి. నాలుగో ఇన్నింగ్స్‌కి ఏడు. తప్పు నాది కాదు, తప్పు నాది కాదు, ఇంకొకటి కొట్టండి నాయనా! ముప్పై రెండేళ్ళ నుంచి ఎవరైనా ఈ లెక్క తేలుస్తారేమోనని చూస్తున్నాను. ఇప్పుడు ఒటావా అవతలి ఊరి కుర్రాళ్ళెవరో వచ్చి తేలుస్తున్నారు. సంతోషమూ సిగ్గూ రెండూ కలిసి ఒంట్లో ఒకటే చెమట.

అప్పుడు లోపల్నించి లొరైన్ వచ్చింది. మా ముందు వరసలో కూర్చునే ముసలావిడ, డెబ్భై దాటాయి, రిటైరయ్యేదాకా స్కూలు బస్సు నడిపింది. నా పక్కనే ఆపిన పాత ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని శాండ్‌విచ్ విప్పింది. నన్ను చూసి ఆగిపోయింది.

"దేవీ? లోపల ఉండకుండా ఇక్కడేం చేస్తున్నావ్?" అంది ఇంగ్లీషులో.

దాచడానికి ఓపిక లేదు. అంతా చెప్పేశాను. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టింది.

"వాళ్ళు నిన్ను ఐరన్ లెగ్ అనడం వేసవంతా విన్నాను. మెచ్చుకుంటున్నారనుకున్నానే! ఒక్క ఆటా మానని ఆటగాణ్ణి మేం ఐరన్ మ్యాన్ అంటాం. నువ్వూ ఒక్కటీ మానవు కదా, అందుకని అంటున్నారేమో అనుకున్నా."

"మాటలు రెండూ ఇంగ్లీషువే లొరైన్. తిట్టు మాత్రం తెలుగుది" అన్నాను. నవ్వొచ్చింది నాకే. "సరే, మరి మీరెందుకు బయటికొచ్చారు?"

ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది.

"నేను చూస్తుంటే ఓడిపోతారు" అంది మెల్లగా. "నాలుగో ఇన్నింగ్స్‌కి వెనకబడి ఉంటే నేను బయటికొచ్చేస్తాను. ఇరవై ఆరేళ్ళుగా ఇది నా డ్యూటీ. నువ్వు నిన్న కాక మొన్న వచ్చి లాక్కుంటానంటే ఒప్పుకోను."

ఆవిడ సీటు ఆట మధ్యలో ఖాళీ అయితే, పాపం మోకాళ్ళ నొప్పులేమో, ఇంటికెళ్ళిపోయిందేమో అనుకునేవాళ్ళం. ఈవిడ ఇక్కడ ట్రక్కు మీద కూర్చుని జట్టుని కాపాడుతోందన్నమాట!

మైకు మళ్ళీ మోగింది. ఎనిమిది - సున్నా. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇద్దరం బయటే ఉన్నాం కదా?" అంది లొరైన్.

"ఇద్దరమూను" అన్నాను. 'ఆడలేక మద్దెల ఓడు' అని మాకో సామెత ఉందని చెప్పాను. చిందెయ్యడం రానివాడు మద్దెల బాగాలేదంటాడని నాకు చేతనైన ఇంగ్లీషులో వివరించాను. ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"ఆ పిల్లలకి ఇంకా విసరడం రాదు, అంతే. కానీ బంతి విసిరే ఆ పొడుగు కుర్రాడి చెయ్యి చూశావా? రెండేళ్ళు ఆగు, వీళ్ళే గెలిపిస్తారు. నువ్వు లోపలికి పో. నీ కూతురు ఒక్కతే ఉంది."

"మీరూ రండి."

"అమ్మో, నేను రాను" అంది శాండ్‌విచ్ అందుకుంటూ. "ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా."

కారు తాళం వేసి లోపలికి నడిచాను. ఏ కాలు ముందు పెట్టానో చూసుకోలేదు. ధాత్రి బెంచీ చివర ఒక్కతే కూర్చుని ఉంది, టోపీ కళ్ళ మీదికి లాక్కుని. పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. తిరిగి చూసింది. జరిగి చోటిచ్చింది.

వెనకనుంచి మధుసూదన్ గారి గొంతు. "ఆ... దేవిశ్రీ గారు వచ్చిన్రు. ఇగ అయిపాయె."

ఈసారి మింగలేదు. "ఎనిమిదీ నేను రాకముందే ఇచ్చుకున్నారు మధుసూదన్ గారూ. నా కాలు కార్లో ఉంది అప్పటిదాకా. ఇకమీద ఆ మాట అంటే, మీ గారెల్లో ఉప్పు లేదని నిన్న చెప్పకుండా ఊరుకున్నది ఇప్పుడు మైకులో చెప్తాను."

"ఆ గారెలు ఆయనే చేశారు!" అని శ్యామల పగలబడి నవ్వింది. ఆయన కాసేపు పైకీ కిందికీ చూసి, "తప్పయింది" అన్నారు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

తర్వాత మనవాళ్ళు రెండు రన్నులు చేశారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆ పొడుగు కుర్రాడొచ్చి, అవతలివాళ్ళలో ముగ్గుర్ని వరసగా బ్యాటుకి బంతి తగలనివ్వకుండా పంపేశాడు. జనమంతా లేచి నిలబడ్డారు. గెలవలేదు, ఎనిమిది - రెండు. పద్దెనిమిదికి పద్దెనిమిదీ పోయాయి. అయినా పిల్లలు టోపీలు తీసి దణ్ణం పెట్టినట్టు ఊపుతుంటే చప్పట్లు కొట్టీ కొట్టీ నా చేతులు మండాయి. ధాత్రి మాత్రం కొట్టలేదు.

ఇంటికెళ్తుంటే అది 'నెక్స్ట్ గేమ్' అనలేదు. కిటికీలోంచి చూస్తోంది. పిల్ల దగ్గర అబద్ధం దాచుకుని ఇంటికి పోలేననిపించింది.

"ధాత్రీ, ఒకటి చెప్తా, కోప్పడకు" అన్నాను. "కార్లో కూర్చుని నేను మనవాళ్ళు ఓడిపోవాలని కోరుకున్నాను. అవతలివాళ్ళ ప్రతి రన్నుకీ సంతోషపడ్డాను. సారీ రా."

అద్దంలో చూస్తే టోపీ కింద బుగ్గలు తడిగా ఉన్నాయి.

"మీ టూ" అంది.

"నువ్వా? ఓడిపోవాలనా? ఎందుకు?"

అది ముక్కు తుడుచుకుని, ఎప్పుడూ లేనిది తెలుగులో మాటలు వెతుక్కుంటూ చెప్పింది:

"గెలిస్తే నువ్వింక ఎప్పుడూ లోపలికి రావు కదా."