అతుక్కున్న పేజీ

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆమె పాఠం పైకి చదువుతుంది. పక్కనే పీట మీద కూర్చున్న కూతురు వింటుంది. తండ్రి ఆఫీసు నుంచి వచ్చాక, అదే పాఠాన్ని పుస్తకం పట్టుకుని, అక్షరాల కింద వేలు జరుపుతూ గడగడా అప్పజెబుతుంది. ఈ ఏర్పాటు ఎలా మొదలైందో తల్లీకూతుళ్లు ఏనాడూ మాట్లాడుకోలేదు.

అక్షరాలు కుదురుగా నిలవని పిల్లలకు బడిలో విడిగా చదువు నేర్పడం ఆమె ఉద్యోగం. మెట్ల పక్క చిన్న గది. ఇసుక పళ్లెం, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు. "ఇది తెలివితక్కువతనం కాదమ్మా, దాచిపెట్టకండి" అని అక్కడికి వచ్చే తల్లులకు ఎంతో మెత్తగా చెబుతుంది. ఆ మాట తన ఇంటి గడప దాటి లోపలికి మాత్రం రాలేదు. ఆ పిల్లలు అత్తగారి నోట "మీ మొద్దులు". ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, మన పిల్లకు చదువు రాని రోజున ఊళ్లోవాళ్ల పిల్లల్ని ఉద్ధరించడం మానేద్దువుగాని అని భర్త ఒకసారి నవ్వుతూనే తేల్చేశాడు. ఆ గది ఆమెకు ఊపిరి. దానికోసం బిడ్డ గొంతును వాడుకుంటున్నానా? తెలియకపోతే అజ్ఞానం అంటారు. తెలిసీ తెలియనట్టుండటాన్ని ఏమంటారో ఆమెకు దొరకలేదు.

ఒక సాయంత్రం పాఠం అప్పజెబుతుంటే రెండు పేజీలు అతుక్కుని ఒకేసారి తిరిగాయి. పిల్ల వేలు ఏనుగు బొమ్మ కింద నడుస్తోంది. నోరు మాత్రం దాటిపోయిన పేజీలోని వానను వర్ణిస్తోంది. అత్తగారు కళ్లజోడు సవరించుకున్నారు. ఆమె చప్పున వంగి, పుస్తకం సర్దుతున్నట్టుగా పేజీ వెనక్కి తిప్పింది.

"అచ్చం తల్లి పోలికే. ఎక్కడా తడబడదు" అని భర్త మురిసిపోయాడు.

వంటింట్లో ఆమె కూతురి ముందు కూలబడింది. రేపటి నుంచి నా గదికి రా, మెల్లగా నేర్చుకుందాం అంది.

పిల్ల తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. నాన్న నిన్ను ఉద్యోగం మాన్పించేస్తారు. నేను ఇంకా బాగా బట్టీ పడతాలే."

ఇన్నాళ్లూ బిడ్డను తాను కాపాడుతున్నాననే అనుకుంది.

కాసేపటికి లేచి, కూతురి చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి నడిచింది. టీవీ ముందున్న అత్తగారూ భర్తా తలెత్తారు.

"మన పిల్లకు చదవడం రాదండీ" అంది. "నాకు ముందే తెలుసు. రేపటి నుంచి నా గదిలో కూర్చుంటుంది. నేనూ అక్కడే ఉంటాను."