సగటులో మునిగిన ఊరు

నేను ఒక పటాన్ని. పూలదండ వేసి గోడకు తగిలించే పటాన్ని కాదు. ఏ ఊళ్లో నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో రంగుల్లో చెప్పే పటాన్ని. మా పూర్వీకులను గొలుసులతో నేల కొలిచి, నెలల తరబడి సిరాతో గీసేవారట. నాకంత భోగం లేదు. కంప్యూటరు కడుపున రెప్పపాటులో పుట్టాను. నొప్పులు పడింది మాత్రం సుభాషిణి.

సుభాషిణి కోస్తాలో ఒక జిల్లా ప్రణాళికా కార్యాలయంలో కొత్తగా చేరిన ఉద్యోగి. కుళాయి నీళ్ల పథకం మొదటి విడతలో ఏ ఊళ్లకు గొట్టాలు వెయ్యాలో తేల్చడానికి కలెక్టరు మర్నాడు సమావేశం పెట్టారు. ఎక్కడ ఎక్కువ అవస్థ ఉందో చూడగానే తెలియాలన్నారు. సుభాషిణి దగ్గర రెండు ఫైళ్లున్నాయి. ఒకదానిలో ఊళ్ల సరిహద్దులు, రెండోదానిలో ఊరూరా చేసిన నీటి పరీక్షల ఫలితాలు. రెండింటినీ జోడించి, ఉప్పు తక్కువైతే లేత పసుపు, పెరిగేకొద్దీ ఎరుపు వెయ్యమని పది పన్నెండు వరుసల కోడ్ రాసింది.

మొదటిసారి నేను చిల్లుతో పుట్టాను. మొగలిమెరక అనే ఊరు ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. ఒక ఫైల్లో పేరు ‘మొగలిమెరక’, ఇంకోదానిలో ‘మొగిలి మెరక’. మనుషులు ఒక గుడి, ఒక ఖాళీ తేడాతో రాసుకుని సర్దుకుపోతారు గాని, కంప్యూటరుకు అవి రెండు వేరే ఊళ్లు. “ఎక్కడికి పోయావే నువ్వు?” అని గొణుక్కుంటూ ఆమె పేరు సరిచేసి మళ్లీ నడిపింది. అప్పుడు కనిపించింది మొగలిమెరక, గడ్డకట్టిన నెత్తురు రంగులో.

ఆ ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. చెరువుల్లోకి తోడిన సముద్రపు నీరు ఏళ్ల తరబడి భూమిలోకి దిగి బోర్లన్నిటినీ ఉప్పు చేసేసింది. అక్కడ పప్పు ఉడకదు, టీలో పాలు విరిగిపోతాయి. రొయ్యలు ఓడలెక్కి పరదేశం వెళ్తాయి. ఉప్పు మాత్రం ఊళ్లోనే ఉంటుంది.

సుభాషిణి పై అధికారి పాండురంగం గారు వచ్చి నన్ను చూసి ముఖం చిట్లించారు.

“ఏవిటమ్మా ఇది? పటమా, పుండా?”

“డేటా అలాగే ఉందండీ.”

“ఉంటే ఉండనీ. ఊరి లెక్కన ఎందుకూ? మండలం లెక్కన సగటు తీసి వెయ్యి. చూడ్డానికి బాగుంటుంది.”

“సగటు తీస్తే మొగలిమెరక కనపడదు సార్. కాలవ పక్క ఊళ్లలో నీళ్లు బాగుంటాయి కదండీ, వాటిల్లో కలిసిపోతుంది.”

“అబద్ధం గియ్యమంటున్నానా? సగటు అబద్ధమా? రొయ్యల చెరువులవాళ్లతో నాకెందుకమ్మా తంటా?”

సుభాషిణికి ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. ఆమె కోడ్‌లో ‘గ్రామం’ అన్నచోట ‘మండలం’ అని మార్చింది. ఒక్కటంటే ఒక్క మాట. నా ఒంటిమీద ఊళ్ల గీతలన్నీ చెరిగిపోయాయి. ఎరుపంతా కరిగి లేత నారింజ అయింది, ఎవరికీ కళ్లు మండని రంగు. పాండురంగం గారు తృప్తిగా తలాడించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు, నా మంటంతా అదే! అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిజాన్ని నిజంతోనే కప్పెడితే ఎవరికి మొరపెట్టుకోవాలి? పక్కింటివాడు కడుపునిండా తిన్నాడు గనక నీ ఆకలి సగం తీరిందనడం ఎలాంటి న్యాయం? ఇంత చదువుకున్నవాళ్లు ఆ మాట సిగ్గులేకుండా రంగులేసి మరీ చెబుతారు.

మర్నాడు సమావేశంలో నన్ను తెరమీద వేశారు. పాండురంగం గారు కర్రతో చూపిస్తూ, ఆ మండలం పరిస్థితి మధ్యస్థంగా ఉందనీ, రెండో విడతలో చూడవచ్చనీ చెప్పారు. వెనక వరుసలోంచి ఒకావిడ లేచింది. మొగలిమెరక సర్పంచి పేరంటాలు.

“మా ఊరేదండీ ఇందులో?”

“మండలంలో ఉందమ్మా. ఇదిగో, ఇదంతా మీదే.”

“మండలమంతా ఒకే నూతిలో తోడుకుంటందా అండీ?” ఆమె తెరవైపు వేలు చూపించింది. “మా ఆడోళ్లు బిందె నీళ్ల కోసం కాలవ గట్టుదాకా నడుత్తన్నారండీ. ఆళ్ల కాళ్లనొప్పులక్కూడా సగటు కడతారేంటండీ?”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. పాండురంగం గారు తర్వాతి పటం వెయ్యమని సైగ చేశారు.

తెరకు కలిపిన కంప్యూటరు సుభాషిణి ముందుంది. ఆమె తర్వాతి పటం వెయ్యలేదు. కోడ్ తెరిచి, ‘మండలం’ను మళ్లీ ‘గ్రామం’ చేసి, నడిపింది. అందరి కళ్లముందూ ఊళ్ల గీతలు తిరిగొచ్చాయి. మొగలిమెరక భగ్గుమంది.

కలెక్టరు కళ్లజోడు సర్దుకున్నారు. “రెండూ ఒకే డేటానా?”

“చిన్న పొరపాటండీ, అమ్మాయి కొత్త...” అని పాండురంగం గారు అందుకున్నారు.

“పొరపాటు కాదండీ,” అంది సుభాషిణి లేచి నిలబడి. “మొదట గీసింది ఇదే. సార్ మార్చమన్నారు, నేను మార్చాను.”

మొగలిమెరక మొదటి విడతలో చేరింది. ఇక్కడితో కథ ఆపేస్తే మనుషుల మీద నాకు గౌరవం మిగిలేది. ఆ ఏడాదే సుభాషిణిని ‘పరిపాలనా సౌలభ్యం’ కోసం బస్సు కూడా సరిగ్గా అందని కొండప్రాంతానికి బదిలీ చేశారు. ఎవరి సౌలభ్యమో ఎవరూ అడగలేదు. ఇక కార్యాలయం వారి వార్షిక నివేదికలో నిగనిగలాడే కాగితం మీద అచ్చయింది నా ఎర్రటి అసలు మొహం కాదు, ఆ లేత నారింజ మొహమే. పాండురంగం గారే దగ్గరుండి వేయించారు.

సమావేశం రోజునే పేరంటాలు సుభాషిణి దగ్గరికొచ్చి, “ఆ ఎర్రది నాకొకటియ్యమ్మా. మళ్లీ మాయం చేత్తే చూపించాలి గదా,” అని నన్ను అచ్చు తీయించుకుంది. అప్పటినుంచీ మొగలిమెరక పంచాయతీ గోడమీద ఉన్నాను. గొట్టాలు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి. రోజు విడిచి రోజైనా తియ్యటి నీళ్లే వస్తున్నాయి.

మొన్న పక్క ఊరు గుల్లలదిబ్బ నుంచి నలుగురు ఆడవాళ్లు వచ్చారు. తమ ఊరెక్కడో చూపించమన్నారు. పేరంటాలు వేలుపెట్టి చూపించింది. నా మీద ఆ ఊరు లేత పసుపు.

“ఇది తప్పండీ,” అంది ఒకామె. “మా కాడా చెరువులు తవ్వేశారు. ఇప్పుడు మా నీళ్లు నోట్టో పెట్టలేం.”

ఆమె చెప్పింది నిజం. నేను పాతబడ్డాను. రేపు పాండురంగం గారి వంటివాళ్లు నన్నే సాక్షిగా నిలబెట్టి, ‘చూడండి, గుల్లలదిబ్బ పసుపుగానే ఉంది’ అంటారు. అందుకే అడుగుతున్నాను: నాకు అద్దం కట్టించకండి. చించి పొయ్యిలో పెట్టుకున్నా బాధపడను. ముందు వెళ్లి ఆ ఊరి నీళ్లు సీసాలో పట్టండి. కోడ్ రాయడం వచ్చినవాళ్లను పిలిచి, మళ్లీ గీయించండి.