ఎంగిలి బోర్దో

విశ్వంభరంగారు గ్లాసు తిప్పి, "ఇంకో పదేళ్ళు ఆగాలి" అంటారు. పదేళ్ళు గడిచిపోతాయి. ఆయన గ్లాసులో వైను ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

నా మీసం నెరుస్తుంది. మా ఆవిడ సువర్చల జడ సగమవుతుంది. విశ్వంభరంగారికీ, ఆయన వెంట వచ్చిన ఇద్దరు విమర్శకులకూ ఒక్క వెంట్రుక కూడా నెరవదు. తీర్పు చెప్పేవాళ్ళకు అది వర్తించదట.

మాది యానాం. ఫ్రెంచి పటాలంలో చేసివచ్చిన మా మామగారు పెళ్ళికి ఈ బోర్దో సీసా ఇచ్చారు. కాబెర్నే, మెర్లో అని రెండు ద్రాక్షలు కలిపిన ఎర్ర వైను. తెలిసినవాళ్ళు పక్వానికొచ్చిందన్నాకే తాగమన్నారు. సువర్చలకు ఒక్క గుక్క తాగాలని ఆనాటి నుంచీ కోరిక.

తెలిసినవాళ్ళంటే ఈ ముగ్గురు. విశ్వంభరంగారు కళ్ళు మూసుకుని, "పొగాకు, తడిరాయి, గుర్రపు జీను" అంటారు. తన పెళ్ళి ఊరేగింపులో కూడా ఆయన గుర్రమెక్కి ఉండరు. మిగతా ఇద్దరూ "జీనే, జీనే" అని రాసుకుంటారు. వందకు తొంభైనాలుగు మార్కులు వేస్తారు. ముగ్గురూ పుక్కిలించి ఒకే తమ్మపడిగలో ఉమ్ముతారు. సీసా దానంతటదే మళ్ళీ మెడదాకా నిండుతుంది. వీళ్ళ మొహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఇంకో పదేళ్ళు."

నా పళ్ళు మూడు చేతిలోకి వస్తాయి.

"ఇంకో పదేళ్ళు."

సువర్చల నడుం వంగిపోతుంది. "ఏవండీ, వీళ్ళు ఇంకోసారి ఆ మాట అన్నారంటే నేనుండనండి" అంటుంది నాతో.

విశ్వంభరంగారు నోరు తెరవబోతారు. సువర్చల సీసా ఎత్తి మూతికి ఆనించుకుంటుంది.

"ఏంటమ్మా, మూతి పెట్టేశారా?" అంటారాయన.

"ఆయ్. ఎంగిలి చేసేశానండి. ఇప్పుడు చూడండి రుచి."

ముగ్గురూ కుర్చీలు వెనక్కి జరుపుకుంటారు. ఒకరి ఉమ్ము మీద ఒకరు ఉమ్మినప్పుడు లేని శుచి ఇప్పుడు గుర్తొస్తుంది. "ఎంగిలిదానికి మార్కులెయ్యలేం" అని విశ్వంభరంగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు.

గుమ్మం తలుపు వాళ్ళకు తెరుచుకోదు. ముగ్గుర్నీ దుప్పట్లలా మడిచి కిటికీలోంచి అవతల పెడతాను. బరువేమీ లేరు.

సువర్చల తాగుతుంది.

"ఎలా ఉంది?"

"పులిసిపోయిందండి. ఎప్పుడో పోయినట్టుంది."

నాకు ఏడుపొస్తుంది. ఆవిడ మాత్రం ఆపదు. అడుగు కనబడేదాకా తాగి, చివరి గుక్క నాకిస్తుంది. ఆవిడ ఎంగిలి నాకు కొత్త కాదు. తాగుతాను.

అప్పుడు ఖాళీ సీసాలోంచి, మేం ఆగుతూ గడపకుండా పోయిన మూడు దశాబ్దాలు ఒక్కొక్కటే దిగుతాయి. ఒంటిమీద కొత్త బట్టల మడత కూడా నలగలేదు. అరుగు మీద వరసగా నిలబడి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడుగుతాయి. నేను చెంబు అందిస్తాను. మూడోది చెంబు అందుకుంటూ నన్ను ఎగాదిగా చూసి, సువర్చలను అడుగుతుంది.

"ఈయనెవరమ్మా?"

సువర్చల మూతి తుడుచుకుని ఆలోచిస్తోంది.