బావగారి వైద్యం

ఆమె బావకు నవ్వే డాక్టరని పేరు. రోగం సంగతి చెబితే నవ్వుతాడు, రోగి భయపడితే ఇంకాస్త నవ్వుతాడు. ఆ నవ్వుకే సగం మందికి నయమైపోతుందని ఆయన భార్య, అంటే ఆమె అక్క, కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. మిగతా సగం మంది ఏమయ్యారో ఎవరూ అడగరు.

ఆమెను పనిలో క్రేనమ్మ అంటారు. కడుతున్న మేడల పక్కన మేడకన్నా ఎత్తుగా నిలబడే క్రేను మీద, పైన అద్దాల గదిలో కూర్చుని ఇనుమూ సిమెంటూ ఎత్తి, కింద సైగ చేసినవాడి కాళ్ళ దగ్గర పూలబుట్ట దించినట్టు దించుతుంది. ఆ కుర్చీ కోసం ఆమె ఎన్నో ఏళ్ళు కింద నిలబడి సైగలు చేసింది. ఆడది పైన కూర్చుంటే కింద నడవబోమన్నవాళ్ళే ఇప్పుడు ఆమె లేకపోతే బరువైన పని మొదలుపెట్టరు. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

అయితే పొద్దున నిచ్చెన పట్టుకుని ఎక్కితే మళ్ళీ దిగడం భోజనానికే. మధ్యలో కడుపు తిప్పిందంటే పైన చాటు లేదు, మాటు లేదు. దిగుతున్నానని వాకీటాకీలో చెప్పి దిగితే, ఆమె తిరిగి ఎక్కేదాకా కింద పనంతా ఆగిపోతుంది. ఆమెకు ఈ కడుపు బాధ ఏళ్ళుగా ఉంది. తిన్నది ఒంటబట్టదు, మనిషి పుల్లలా అయిపోయింది. ఒకరోజు సైటు క్యాంటీన్లో వంట చేసే ఆవిడ, తన కూతురికీ ఇలాగే ఉండేదనీ, గోధుమలో గ్లూటెన్ అనే జిగురు పడదని తేలిందనీ, మానేశాక పిల్ల కోలుకుందనీ చెప్పింది. ఆమె కూడా మానేసింది. రొట్టె, బిస్కెట్టు, కేకు, అన్నీ బంద్. నెల తిరిగేసరికి కడుపు ఊరుకుంది. మూడో నెలకు నిచ్చెన మధ్యలో ఆగకుండా ఎక్కింది. పైకి వెళ్ళి కూర్చుని, ఎవరూ చూడరు కదా అని కాసేపు ఏడ్చింది కూడా.

అప్పుడే ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది. జబ్బేదో డాక్టరు నోట ఖాయం చేయించుకుందామని బావ క్లినిక్కి వెళ్ళింది.

బావ తలుపు తెరిచే ఉంచి మాట్లాడతాడు. బయట కూర్చున్న రోగులకు కూడా కాలక్షేపం కావాలి కదా. ఆమె చెప్పిందంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మరదలా, ఊరందరూ తినే గోధుమ నీ ఒక్కదాని కడుపులోనే తగువు పెట్టుకుందా?"

బయట బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆ నవ్వును మింగి, రక్తపరీక్ష చేయమంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్షలో దోషం కనబడుతుందట. నెలల తరబడి మానేసినవాళ్ళ రక్తంలో ఏమీ కనబడదట. కావాలంటే రెండు నెలలు రొట్టె తిని రమ్మన్నాడు. ఆ మాట నిజమే, అది పరీక్ష పద్ధతి. రొట్టె తింటే క్రేను ఎక్కలేనని ఆమె అంది. అయితే క్రేను దిగమన్నాడు ఆయన, అదేదో పక్కింటి గోడ దిగడమైనట్టు.

"తినకుండా పరీక్ష చెయ్యమంటావు, తింటే చస్తానంటావు. నీ జబ్బు కడుపులో లేదు తల్లీ, తలలో ఉంది."

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. కానీ అక్క మొగుడు. ఏమన్నా అంటే సాయంత్రానికి అక్క ఏడుస్తుంది, రాత్రికి అమ్మ ఏడుస్తుంది. నోరు మూసుకుని వచ్చేసింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో కాళ్ళు లెక్కపెట్టి ఏం లాభం?

ఆ ఆదివారం అక్కా బావా భోజనానికి వచ్చారు. ఆమె, అమ్మ ఒకే ఇంట్లో ఉంటారు, వంట అమ్మది. బావ ఆరోజు మహా మర్యాదగా ఉన్నాడు. గోధుమ ఊసెత్తలేదు. భోంచేసి, చేతులు కడుక్కునే వంకన వంటింట్లో అత్తగారితో ఏదో మాట్లాడి వచ్చాడు. పెద్దల్లుడు వంటింట్లోకి వచ్చి మరీ పలకరించాడని అమ్మ ముఖం వెలిగిపోయింది.

రెండు వారాలు తిరక్కుండా కడుపు బాధ మళ్ళీ మొదలైంది.

ఆమె వెతకని చోటు లేదు. క్యాంటీన్లో నీళ్ళు కూడా మానేసింది. తలనొప్పి మాత్రల మీద అక్షరాలు భూతద్దంతో చదివింది. ఇంట్లో గోధుమపిండి డబ్బా ఉండకూడదని అమ్మతో దెబ్బలాడింది, అమ్మ ఎక్కడో లోపల పెట్టేసింది. బావకు ఈ వెతుకులాట తెలిసి, ఇంకొన్నాళ్ళకు గాలి కూడా పడదంటుందని అక్కతో అన్నాడు. రాత్రిళ్ళు ఆమె బాత్రూంలో వంగిపోయి కూర్చుంటే అమ్మ వెనకాల నిలబడి వీపు రాసేది.

అలా రెండు నెలలు దాటాక ఒక పొద్దున నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. చెయ్యి జారలేదు, అదే అదృష్టం. కింద నుంచి చూసినవాళ్ళు చూడనే చూశారు. ఇంజనీరు చెడ్డవాడు కాదు. అయినా ఆమెను పక్కకు పిలిచి, ఇక పైకి వద్దు, కింద ఉండి సైగలు చెయ్యమన్నాడు. కుర్చీ ఇంకొకరికి ఇచ్చారు. కొత్తవాడు బరువును ఊపుతూ దించుతుంటే కింద నిలబడి చేతులు ఆడించడం ఎంత నరకమో, కష్టపడి సంపాదించుకున్నది పోగొట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

తిన్నగా బావ దగ్గరికి వెళ్ళింది. ఏమీ కనబడకపోతే పోనీ, రక్తం తియ్యమంది. నీ సరదా నేనెందుకు కాదనాలని బావ నవ్వుతూనే తీయించాడు.

రిపోర్టు వచ్చిన రోజు ఆయన నవ్వలేదు. కాగితం వైపు, ఆమె వైపు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. జబ్బు ఉందన్నాడు. అనుమానం లేదు, అంకెలు ఆకాశంలో ఉన్నాయన్నాడు. పేగుల డాక్టరుకు చూపిద్దామన్నాడు.

ఆమెకు ముందు సంతోషమే కలిగింది. మరుక్షణం ఇంకో సంగతి తట్టింది.

"మానేసినవాళ్ళ రక్తంలో కనబడదన్నారుగా బావా. మరి నాకెలా వచ్చింది?"

బావ కళ్ళజోడు తీసి తుడిచాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"అది... అత్తయ్యగారికి నేనే చెప్పాను. కూరలో రోజూ చెంచాడు గోధుమపిండి కలపండి, దానికి తెలియకపోతే ఏమీ కాదు, అప్పుడు దాని భ్రమ దానికే తెలుస్తుందని. ఒక రకంగా మంచిదే అయింది కదా. లేకపోతే పరీక్షలో తేలేదే కాదు."

మంచిదే అయిందట. ఇల్లు తగలబెట్టినవాడు వెలుతురు వచ్చింది చూశావా అన్నట్టు ఉంది.  సైటుకొచ్చి ఇంజనీరుతో ఈ మాట చెప్పమంది ఆమె. ఈవిడకు కళ్ళు తిరిగింది నేను పెట్టించిన పిండి వల్ల, ఈవిడ తప్పేమీ లేదు అని చెప్పమంది. బావ ముఖం ముడుచుకుంది. జబ్బు ఉందని రాసిస్తానన్నాడు. మిగతాది ఇంటి విషయం, బయట పెట్టుకుంటే అందరి పరువూ పోతుందన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని సామెత కూడా చెప్పాడు.

"చింపింది నా కడుపు బావా. మీ కాళ్ళ మీద ఏమీ పడలేదు," అంది ఆమె.

తలుపు ఎప్పటిలాగే తెరిచి ఉంది. ఆమె లేచి గుమ్మంలో నిలబడి, బెంచీ మీద ఉన్నవాళ్ళకు జరిగింది మొదటి నుంచీ చివరి దాకా చెప్పింది. గొంతు పెంచలేదు. లోపలి నుంచి బావ మరదలా, మరదలా అంటూనే ఉన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన మాత్రం చేతిలో ఉన్న మందుల చీటీని మళ్ళీ మొదటి నుంచీ చదువుకోవడం మొదలుపెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి అక్క ఫోను అమ్మకు వచ్చేసింది. అమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. ఆయన డాక్టరు కదే అంది. పైగా పెద్దల్లుడు, కాదంటే ఏమనుకుంటాడోనని భయపడ్డానంది. ఆమె విన్నది. కొరకొరా చూస్తూ విన్నది.

"రాత్రుళ్ళు నా వీపు రాసింది నువ్వే కదమ్మా. రాసి, పొద్దున్నే మళ్ళీ ఎలా కలిపావు?"

"రెండుసార్లు ఆయనకి ఫోన్ చేశానే. అలవాటవుతుంది, ఆపొద్దన్నాడు."

బావ మీద కోపానికి ఒక ఆకారం ఉంది. అరవచ్చు, నలుగురిలో పెట్టచ్చు, ఇంటి గడప తొక్కనివ్వకపోవచ్చు. ఈ కోపాన్ని ఎక్కడ దింపాలో ఆమెకు తెలియలేదు.  అమ్మ చేతులను చూడలేక గోడను చూస్తూ కూర్చుంది.

సాయంత్రం అమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. ఏమీ కలపలేదు, నీ మీద ఒట్టు అంది. కలపలేదని ఆమెకూ తెలుసు. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు, ఆకలి దంచేస్తోంది, అమ్మ వంట వాసన గదంతా నిండింది. చెయ్యి మాత్రం కంచం వైపు పోలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నె మళ్ళీ మళ్ళీ కడిగి, తనకోసం రెండు బంగాళాదుంపలు ఉడకపెట్టుకుంది.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నీ తల్లిని కదే నేను."

"అందుకే కదమ్మా, ఇందులో ఏముందని అడక్కుండా తిన్నాను," అంది ఆమె.