ఇంటికో కట్టె

నేను కాపురానికొచ్చిన రోజున ఈ ఇంట్లో నన్ను మొదట పలకరించింది మా మావ కాదు, ఆయన నాగలి. వంటింటి గుమ్మం దాటబోతుంటే ఠపీమని నుదుటికి తగిలింది. రేకుల కింద వాసానికి తాళ్ళతో కట్టి వేలాడదీశారు. సెంటు భూమి లేని ఇంట్లో నెత్తి మీద నాగలేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడల్ని కదా, ఆ రోజుకి నోరు మూసుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ మూసుకోలేదు.

మాది దువ్వాడ దాటాక కొండ కింద ఉన్న ఎర్రగెడ్డ కాలనీ. స్టీలు ఫ్యాక్టరీకి భూములిచ్చిన రైతుల్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. మా ఆయన సత్యానికి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్నకి, అంటే మా మావ జగ్గయ్యకి, ఏమీ రాలేదు. ఎడ్లని సంతలో అమ్మేసి, నాగలిని మాత్రం భుజాన వేసుకుని పాత ఊరి నుంచి ఇక్కడిదాకా నడిచొచ్చాడట.

"మావా, ఆ నాగల్ని సీల్చి పొయ్యిలో ఎడితే వారం రోజులు నీళ్ళు కాగుతాయి" అనేదాన్ని, బొప్పి కట్టినప్పుడల్లా.

"నాగలి తప్పేటే గుంటా? నువ్వే పొడుగు. తల ఒంచుకుని నడవడం నేర్సుకో" అనేవాడు.

నేర్చుకున్నాను. చేతిలో గిన్నెలున్నా, చంకలో పిల్లాడున్నా అక్కడికొచ్చేసరికి తల దానంతటదే వంగేది. కోపంగా ఉన్న రోజు మాత్రం మర్చిపోయేదాన్ని, మళ్ళీ తగిలేది. మావ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండేది.

అప్పట్లో మా కొండ బోడిగుండులా ఉండేది. అందరం కొట్టుకున్నదే. వండుకోగా మిగిలింది మోపులు కట్టి అమ్ముకున్నాం కూడా. తొంభై అయిదులోనో ఆరులోనో ఒక పొద్దున్న మావ కర్ర పట్టుకుని కొండ దారికి అడ్డంగా కూర్చున్నాడు. "నేల పోనాది. కొండ కూడా పోతే మనం ఎక్కడోళ్ళమని సెప్పుకుంటాం?" అన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఎదురింటి వీర్రాజు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. మెల్లగా ఇంటికొకరు వంతుల మీద కాపలా మొదలెట్టారు. తర్వాత అటవీ శాఖవాళ్ళొచ్చి దానికి వన సంరక్షణ సమితి అని పేరు పెట్టారు. కాలనీలో నాదే పెద్ద నోరు కాబట్టి నన్ను అధ్యక్షురాల్ని చేశారు. మావ మాత్రం ఏ పదవీ లేకుండానే అందర్నీ తిట్టేవాడు. పళ్ళు తోముకోడానికి వేపపుల్ల విరిచినా ఊరుకునేవాడు కాదు. "పళ్ళపొడి కొనుక్కోరా" అని వెంటబడేవాడు.

పదేళ్ళు తిరిగేసరికి కొండ పచ్చబడింది. ఎండాకాలంలో కూడా కొండవాగులో, అదే మా గెడ్డలో, నీళ్ళు నిలిచాయి. అప్పుడొచ్చింది ఆశాజ్యోతి అనే అమ్మాయి, ఏదో సంస్థ తరఫున, టేపూ పెయింటు డబ్బా పట్టుకుని. మాట గోదావరి జిల్లా మాట, మనిషి మంచిది. చెట్లు గాలిలోని పొగని తాగుతాయట. ఎక్కడో దూరదేశంలో పొగ వదిలే కంపెనీలు, మా చెట్లు తాగినందుకు మాకు డబ్బు కడతాయట. దాన్ని కార్బన్ క్రెడిట్ అంటారని చెప్పింది. మావ శ్రద్ధగా విని, ఫ్యాక్టరీ గొట్టాల వైపు చెయ్యి చూపించాడు.

"దూరదేశం పొగ మన సెట్లు తాగితే, మన పొగ ఎవులు తాగుతారమ్మా?"

ఆ పిల్ల పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం.

ఒప్పందం రోజు మంచి ముహూర్తం చూసి కొండ దారిలో టెంటు వేశాం. ఆశాజ్యోతి మైకులో ఒకటికి రెండుసార్లు చెప్పింది. "కొండ నుంచి మీకు ఏమేం కావాలో ఇప్పుడే చెప్పెయ్యండి. ఈ కాగితంలో లేనిది ముప్పయ్యేళ్ళు ముట్టుకోకూడదు." చింతపండు అన్నారు, విస్తరాకులన్నారు, పెళ్ళి పందిరికి రాట అన్నారు. వంటచెరకు బదులు ఇంటింటికీ గ్యాసు పొయ్యి ఇస్తామంటే ఆడవాళ్ళం చప్పట్లు కొట్టాం. ఇంకేమైనా ఉందా అని ఆ పిల్ల మళ్ళీ అడిగింది. మావ నోరు తెరిచాడు. ఎదురుగా వీర్రాజు కొబ్బరికాయ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. అది చూసి మావ నోరు మూసేశాడు. నేను గమనించాను గానీ, ముసలాయనకి ఆవులింత వచ్చిందనుకున్నాను.

ఆయన ఏమడగబోయాడో రెండేళ్ళకి తెలిసింది. అప్పటికి మంచం పట్టాడు. ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. ఫ్యాక్టరీ ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక సాయంత్రం గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒలే వరాలూ, నాకు ఇంటికో కట్టె పడతాదంతావా?"

గంజి గిన్నె కింద పెట్టేశాను. మావాళ్ళలో ఎవరైనా పోతే, చూడ్డానికొచ్చే ప్రతి ఇల్లూ తమ పొయ్యి కట్టెల్లోంచి ఒక కట్టె తెచ్చి వాకిట్లో వేస్తుంది. చితికి కావలసిన కట్టెలు అడితిలో కొన్నా, వాటి మీద కొనని కట్టె ఇంటికొకటి పేర్చాల్సిందే. అలా పడకపోతే ఆ మనిషి దిక్కులేనివాడి కింద లెక్క. ఇప్పుడు కాలనీలో ఎవరింట్లోనూ కట్టెల పొయ్యి లేదు. మిగిలిన పాత కట్టెలు ఈ రెండేళ్ళలో పోయినవాళ్ళకే అయిపోయాయి. కొండ మీద పుల్ల ముట్టుకోవడానికి లేదు. టెంటు కింద అన్నీ అడిగాం, చావు సంగతి అడగలేదు. మంచిరోజు పూట ఆ మాట ఎవరెత్తుతారు?

"ఆ రోజే అడుగుదావనుకున్నాను. కొబ్బరికాయ కొడతన్నారని ఊరుకున్నాను" అన్నాడు మావ.

"పడతాది మావా. నానున్నాను కదా."

"ఎక్కడ్నించి తెత్తావు? కొండ మీద సెయ్యేత్తే పాడె మీంచి లేచొత్తాను, సూసుకో."

నవ్వబోయి దగ్గాడు. నేను గంజి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. పదిహేడేళ్ళు ఆ మనిషితో దెబ్బలాడాను. మా నాన్నతో కూడా నాకు అంత చనువు లేదు. ఎలా తెస్తానో తెలీకుండానే మాట ఇచ్చేశాను.

కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున మావ పోయాడు.

పొద్దెక్కేసరికి వాకిలి నిండిపోయింది. దువ్వాడ అడితి నుంచి ట్రాలీ ఆటోలో కట్టెలొచ్చాయి. జనం మాత్రం ఖాళీ చేతులతో వచ్చారు. పసుపురాసిన పాదాలకి దండం పెట్టి, అలవాటుగా వాకిట్లో కట్టెలు పడే మూల వైపు చూసి, తల దించుకుని పక్కకి జరిగేవారు. ఆ మూల బోసిగా ఉంది. పక్కింటి జోగమ్మ ముసల్ది వట్టి చేతులు కొంగులో దాచుకుని, "దిక్కున్నోడే, ఇలాగ పోతన్నాడు" అని పైకే ఏడ్చేసింది.

ఆ మాట మా ఆయనకి తగిలింది. గబగబా వెళ్ళి గొడ్డలి తీసి భుజాన వేసుకున్నాడు.

"మా నాయన పెంచిన కొండ. ఆయనకి ఒక్క సెట్టు కొడితే ఏటయిపోద్ది? ఇంటికో కొమ్మ నానే పంచుతాను. ఎవుడడ్డొత్తాడో రమ్మను."

అందరూ నా వైపు చూశారు. సమితికి అధ్యక్షురాల్ని నేనే కదా. నాకూ కొట్టమనే ఉంది. దేవుడి సాక్షిగా చెప్తున్నాను, ఆ క్షణంలో కొండ మొత్తం పోయినా ఫరవాలేదనిపించింది.

"ఎల్లు" అన్నాను. "ఎల్లేముందు ఆయన మొకం సూసి సెప్పి ఎల్లు."

సత్యం పాడె దగ్గరికెళ్ళాడు. వాళ్ళ నాన్న మొహం చూశాడు.  తర్వాత గొడ్డలి అక్కడే పడేసి, చంటిపిల్లాడిలా కూలబడి ఏడ్చాడు.

నాకు ఆ మూల చూడబుద్ధి కాలేదు. మావకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఎవరిమీదో తెలీని కోపంతో లోపలికి విసురుగా నడిచాను. వంటింటి గుమ్మం దగ్గర ఠపీమని తగిలింది.

నుదురు పట్టుకుని పైకి చూశాను. పొగచూరి నల్లబడ్డ నాగలి. మేడి దగ్గర ఆయన చెయ్యి పడీ పడీ నున్నగా అరిగింది. అక్కడే చతికిలబడి, సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను. ఏడుపయ్యాక స్టూలెక్కి తాళ్ళు కోశాను.

అంత బరువుంటుందనుకోలేదు. భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి అందరూ జరిగి దారిచ్చారు. తీసుకెళ్ళి ఆ ఖాళీ మూలలో పెట్టాను.

"ఇది మా ఇంటి కట్టె" అన్నాను.

 కాసేపటికి వీర్రాజు లేచి రోడ్డు దాటాడు. వాళ్ళ పెరట్లో బట్టలారేసే దండేనికి ఊతంగా పాతిన ఒక పొడుగాటి కర్ర ఉండేది. ఇన్నేళ్ళూ చూశాను గానీ అది ఎడ్ల మెడ మీద పెట్టే కాడి అని నాకు తట్టలేదు. దాన్ని పీక్కొచ్చి నాగలి పక్కన పెట్టాడు. జోగమ్మ మనవణ్ణి పిలిచి మంచం కింద వెతకమంది. గోనెలో చుట్టిన నాగలి బయటికొచ్చింది. "మా ముసిలాయన దాసినాడు. నవ్వుతారని ఎవులికీ సెప్పలేదు" అంది. ఆ తర్వాత ఇక వరస కట్టారు. అటకల మీంచి, మరుగుదొడ్డి వెనకాల నుంచి, బీరువాల సందుల్లోంచి నాగళ్ళు, విత్తనాలేసే గొర్రులు కాళ్ళు విరిగినవి, మేడి ముక్కలు. నాగలి మిగలనివాళ్ళు ఎడ్లని అదిలించే ముల్లుకర్ర తెచ్చారు. భూములు పోయి పాతికేళ్ళు. ఒక్కడూ పారెయ్యలేదు. పక్కింటివాడు కూడా దాచుకున్నాడని ఒక్కడికీ తెలీదు.

మగవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని ఏడుస్తున్నారు. మావ కోసం కొంత, ఇంకా దేనికోసమో చాలా.

అడితి కట్టెల మీద ఆ నాగళ్ళన్నీ పేర్చారట. అంత చితి తాము చూడలేదని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. కొండ మీద ఆకు కూడా రాలలేదు.

నెల తిరక్కుండా ఆశాజ్యోతి వచ్చింది. విషయం విని కళ్ళు తుడుచుకుంది. సమావేశం పెట్టించి, ఎవరైనా పోతే ఇంటికొకటి చొప్పున ఎండి రాలిన కట్టె తెచ్చుకోవచ్చని ఒప్పందంలో కలిపింది. ఈసారి ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు, అందరూ ఆ మాట పైకే పలికారు. ఇక మీదట ఇవ్వడానికి మా దగ్గర నాగళ్ళు లేవు కదా.

అదయ్యాక టీ పెడదామని లేచాను. ఆ పిల్ల నా వెనకే వచ్చింది. గుమ్మం దగ్గర నేను తల వంచి లోపలికెళ్ళాను. ఆమె ఆగి పైకి చూసింది. వాసం ఖాళీగా ఉంది.

"అక్కడేమైనా తగులుతుందాండీ?" అంది.

"ఏటీ లేదమ్మా" అన్నాను. "మా మావ నేర్పినాడు."